తాత కుడి చెవి

మా ముత్తాత రాజారెడ్డి ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. ఆయన కొడుకు, అంటే మా తాత విఠల్‌రెడ్డి, పటేల్‌గిరీలు రద్దయిన తర్వాత కూడా కన్నుమూసేదాకా పటేలే. బోధన్ దాటి మంజీర వైపు పోతే వచ్చే మా ఊర్లో శిస్తు లెక్క మా గడప మీదనే తేలేది. తాసిల్దారు వస్తే మా ఇంట్లోనే దిగేవాడు. చెరుకు కొట్టే కాలం మొదలైతే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి కదిలే మొదటి బండి మా పొలం నుంచే కదలాలి, దాని ఎడ్లకు మా అవ్వే బొట్టు పెట్టాలి. గొప్ప చెప్పుకోవడానికి ఇవన్నీ రాయడం లేదు. చెప్పేవాళ్లు ఇప్పుడు ఆ ఊర్లో ఎవరూ మిగలలేదు కనుక నేను చెప్పవలసి వచ్చింది.

ఊరికి మొదటి టెలిఫోన్ వచ్చింది కూడా మా ఇంటికే. పోయిన నెల ఆ ఊరి ప్రాథమిక పాఠశాల నుంచి స్వరూప టీచర్ నాకు ఫోన్ చేసింది ఆ కారణంగానే. ఆ బడి నిలబడిన జాగా మా తాత ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. "అమ్మా, మా పిల్లలకు ఫోన్ పాఠం పెట్టినం. ఎట్ల వాడాలె, ఎట్ల వాడొద్దు అని. ఊర్ల మొదటి ఫోన్ మీ దగ్గరనే ఉండెనట గద. వచ్చి రెండు ముచ్చట్లు చెప్పుండ్రి" అంది.

నిజామాబాద్‌లో నేనుండే రెండు గదుల వాటా నుంచి, గంజి పెట్టిన చీర కట్టుకుని, బస్సులో బోధన్ దాకా, అక్కడి నుంచి షేర్ ఆటోలో పోయాను. ఒకప్పుడు బోధన్ ఇంకా రాకముందే ముక్కుకు తెలిసేది, మడ్డి వాసన. చెరుకు రసం కాగిన పులుపూ తీపీ కలిసిన ఆ వాసన చలికాలమంతా మా పరుపుల్లో, జుట్టులో, అన్నంలో ఉండేది. ఇప్పుడు ఆటోలో డీజిల్ వాసన తప్ప ఏమీ లేదు. బడిలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచారు. దాని మీద ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంది. ఎవరైనా తీసేదాకా నిలబడ్డాను. చివరికి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి డబ్బా తీసుకుని, కుర్చీని గౌను అంచుతో తుడిచింది.

మూడు, నాలుగు తరగతుల పిల్లలు కింద పట్టాల మీద కూర్చున్నారు. గోడకు పెద్ద తెర. దాని మీద ఒక ఫోన్ బొమ్మ, దానికి కళ్లూ ముక్కూ పెట్టారు. స్వరూప ఓపిక గల మనిషి. మన పేరు, మన ఇల్లు, మన ఫోటో, అమ్మ ఫోన్‌కు వచ్చే ఓటీపీ నంబరు, ఇవి ఎవరు అడిగితే వాళ్లకు చెప్పేవి కావని విడమరిచి చెప్పింది. పక్కవాళ్ల ఫోటో వాళ్లను అడగకుండా ఇంకొకరికి పంపవద్దంది. "దీన్నే గోప్యత అంటరు. అందరు అనుండ్రి, గోప్యత."

"గోప్యత" అన్నారు పిల్లలు.

"టీచర్, గోపిగాడు నిన్న రాలే, ఇయ్యాల వచ్చిండు" అన్నాడు వెనక నుంచి ఒకడు. గోపి లేచి వాడి వీపు మీద ఒకటి వేశాడు. తరగతి అంతా నవ్వింది. స్వరూప నా వైపు చూసింది, ఈ మాటకు ఇంకో మాట ఏదైనా ఉంటే ఇవ్వమన్నట్టు.

నేను కుర్చీలోంచి లేవకుండానే అన్నాను. "అమానత్. ఈ మాట మీలో ఎవరికైనా ఎర్కేనా?"

కుర్చీ తుడిచిన పిల్ల చెయ్యి ఎత్తింది. పేరు అక్షయ. "మా నానమ్మ అంటది. పక్కింటోళ్లు ఊరికి పోతే తాళం చెవి మా ఇంట్ల పెట్టి పోతరు. నేను దాంతోని ఆడితే, అమానత్ అది, ముట్టకు అంటది."

పుస్తకాలు చదివిన మేమిద్దరం ఇవ్వలేని అర్థం ఆ పిల్ల ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. "అంతే. మన దగ్గర ఉంటుంది, మనది కాదు" అన్నాను. నా గొంతు నాకే మా తాత గొంతులా వినిపించింది.

ఆ మాట నాకు నేర్పింది తాతే. మా దివాన్‌ఖానాలో, ఉత్తరం గోడకు, టేకు మేజా మీద ఆ నల్లటి టెలిఫోన్ ఉండేది. పక్కనున్న పిడి తిప్పితే బోధన్ ఎక్స్‌ఛేంజిలో ఒక ఆమె పలికేది. అవ్వ రోజూ పొద్దున కర్పూరం అద్దిన గుడ్డతో రిసీవర్ తుడిచేది. పది మంది నోళ్లు తగిలిన వస్తువు అని ఆమెకు దాని మీద అనుమానం. అయినా దసరా నాడు తల్వారుకు పెట్టినట్టే దానికీ పసుపూ కుంకుమా పెట్టేది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాన్న హైదరాబాద్‌లో ఏవేవో వ్యాపారాలు మొదలుపెడుతూ, మూసేస్తూ ఉండేవాడు. అంత పెద్ద ఇంట్లో తాతా అవ్వల మధ్య పిల్లనంటూ నేనొక్కదాన్నే. వాకిలి దాటి ఊరి పిల్లలతో ఆడడం మా ఇంట్లో లేదు. కాబట్టి మధ్యాహ్నాలు నేనూ ఆ టెలిఫోనూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లం.

ఫోన్ మోగితే తాత ఎత్తేవాడు కాదు. పడక కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకుని "ఎత్తు" అనేవాడు. నేను పీట ఎక్కి, రిసీవర్ ఎత్తి, విని, దిగి వచ్చి, ఆయన కుడి చెవి దగ్గర దోసిలి పెట్టి చెప్పేదాన్ని. పటేల్‌కు ఫోన్ ఎత్తడానికి కూడా మనిషి కావాలె, ఏం దొరతనం అని ఊర్లో అనుకునేవాళ్లు. అసలు సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. తాతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గరికి వచ్చి చెబితేనే వినిపిస్తుంది. చెవిటి పటేల్ అనిపించుకోవడం కన్నా పొగరుబోతు పటేల్ అనిపించుకోవడమే ఆయనకు నయం. నలుగురిలో కూర్చున్నప్పుడు తనకు వినబడని ప్రతి మాటకూ మీసం మీద చెయ్యి వేసి, తల ఊపి, "అట్లనే" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఎన్నో పంచాయితీలు నడిపాడు. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకసారి మా బడి సదాశివం సార్ మా తరగతి పిల్లలందరినీ టెలిఫోన్ చూపించడానికి తీసుకొచ్చాడు. వాకిట్లో కాళ్లు కడుక్కుని, వరసగా, ఊపిరి బిగబట్టి లోపలికి వచ్చారు. ఆ రోజు పాఠం తాత చెప్పాడు. మొదలు చేతులు కడుక్కోవాలె. చిన్నగ మాట్లాడాలె, దూరమున్నోడు చెవిటోడు కాదు అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. తర్వాత, "దీంట్ల వచ్చిన మాట మనది కాదు, అమానత్. ఎవలదో వాళ్ల చెవిలనే పడాలె. విన్నది విప్పొద్దు" అని, ఆ చివరి మాట అందరితోనూ పలికించాడు. పిడి తిప్పి ఒక్కొక్కరి చెవికీ రిసీవర్ పెట్టించాడు. పిల్లలు వినడం, ఎక్స్‌ఛేంజి ఆమె గొంతు వినబడగానే భయపడి వదిలేయడం. గంగామణి మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మా బాపు ఉన్నడా?" అని అడిగింది.

ఎక్స్‌ఛేంజి ఆమె అటు వైపు నుంచి గట్టిగానే మాట్లాడింది, పక్కనున్న నాకు కూడా వినిపించింది. "మీ బాపు ఎవలమ్మా?"

"గంగారాం."

"ఏ గంగారాం బిడ్డా? నిజామాబాద్ జిల్లాల ఇంటికొక గంగారాం ఉన్నడు."

సార్ కూడా నవ్వాడు. గంగామణి నవ్వలేదు. "మస్కట్ గంగారాం" అంది.

గంగామణి తండ్రి మస్కట్‌లో మేస్త్రీల దగ్గర పనికి పోయి అప్పటికి చాలా రోజులైంది. నాలాగే తనకూ అమ్మ లేదు. బీడీలు చుట్టే నానమ్మ నర్సవ్వ దగ్గర ఉండేది. తండ్రి ఫోన్ మా ఇంటికే వచ్చేది కనుక, ఆ పిల్ల మా దివాన్‌ఖానాలో కూర్చుని ఎదురు చూడడానికి తాత ఒప్పుకున్నాడు. ఆ ఎదురుచూపుల వల్లనే నాకొక దోస్తు దొరికింది. ఫోన్ రాని మధ్యాహ్నాలే ఎక్కువ. మేజా కింద కూర్చుని చింతగింజలు ఆడేవాళ్లం. ఆమె ఒంటి నుంచి తంబాకు వాసన వచ్చేది. అవ్వకు నచ్చేది కాదు, నాకు బాగుండేది. జీవితంలో నన్ను "ఒసే" అని పిలిచింది ఆ ఒక్కతే.

గంగారాం సెలవు మీద వస్తున్నాడని కబురు వచ్చింది. ఏ రోజు దిగుతాడో కూడా తెలిసింది. నర్సవ్వ కొడుకు క్షేమం కోసం మొక్కిన మొక్కు తీర్చుకోవడానికి భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్టకు పోయింది, కొడుకు దిగే సాయంత్రానికే వస్తానని చెప్పి. ఆమె పోయిన మధ్యాహ్నమే ఫోన్ మోగింది. గంగామణి లేదు. నేను ఎత్తాను. గాలి చప్పుడు మధ్య ఎవరో గంగారాం దోస్తు. "గంగారాం వస్తలేడు. పాస్‌పోర్ట్ పనికి పెట్టుకున్న ఆర్బాబు దగ్గర ఉన్నది, ఇస్తలేడు. వాళ్ల అవ్వ నర్సవ్వకు చెప్పుండ్రి. పోరి పైలం అనుండ్రి." అంతే, తెగిపోయింది. నేను పీట దిగి, తాత కుడి చెవిలో మాట పొల్లు పోకుండా చెప్పాను. "నర్సవ్వ మాట ఇది. ఆమె రేపు వస్తది. ఆమె చెవిలనే వేద్దాం" అన్నాడు తాత.

మర్నాడు పొద్దున గంగామణి మా వాకిట్లో నిలబడింది. తలకు ఎంత నూనె పెట్టుకుందో చెంపల మీదికి కారుతోంది. "ఒసే, నడువు, బస్టాండ్ కాడికి పోదాం. మా బాపు టేప్‌రికార్డర్ తెస్తుండు. మొదలు నీకే వినిపిస్త" అంది.

నేను లోపలికి పరుగెత్తాను. దివాన్‌ఖానా నిండా మనుషులు. చెరుకు ఎవరిది ముందు కొట్టాలన్న పంచాయితీ. తాత వాళ్ల నడుమ కూర్చుని ఉన్నాడు. మగవాళ్ల మధ్య నుంచి ఆడపిల్ల నడిచిపోవడం మా ఇంట్లో లేదు. గడప మీద నిలబడి, "తాతా, గంగామణికి చెప్పనా?" అన్నాను.

తాత నా వైపు చూశాడు. మీసం మీద చెయ్యి వేశాడు. తల ఊపి, "అట్లనే బిడ్డా" అన్నాడు.

అక్కడ ఉన్న వాళ్లలో ఎవరికైనా అది అవుననే మాటే. నాకొక్కదానికే అది మాట కాదు. ఇంకోసారి అడగాలంటే అరవాలి. అరిస్తే పటేల్‌కు చెవుడని ఇరవై మందికీ తెలుస్తుంది. అది కూడా నా దగ్గర పెట్టిన అమానతే. నేను వాకిట్లోకి తిరిగి వచ్చి, "నేను రాను" అన్నాను. "రాకు తీ" అని గంగామణి పోయింది.

మా మిద్దె మీద నుంచి బస్టాండ్ కనబడుతుంది. బస్టాండ్ అంటే ఒక బండరాయి. గంగామణి దాని మీద కూర్చుంది. నిజామాబాద్ బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది, బస్సు పోయాక కూర్చునేది. అవ్వ నన్ను అన్నానికి పిలిచింది, నేను పోలేదు. ఎండ దిగి, ఫ్యాక్టరీ సైరన్ మోగి, చెరుకు బండ్ల గంటలు వినబడే వేళకు వచ్చిన బస్సులోంచి నర్సవ్వ దిగింది, చేతిలో ప్రసాదం పొట్లంతో.

తాత ఆమెను పిలిపించి, ఒక్కదాన్నే లోపలికి రమ్మని, మాట అప్పజెప్పాడు. అది బయటికి వచ్చేసరికి ఏడుపు అయింది. గంగామణి ఏడవలేదు. మెట్ల మీద నిలబడిన నా దగ్గరికి వచ్చింది.

"ఫోన్ ఎన్నడొచ్చింది?"

"నిన్న."

"నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"నేను బండ మీద కూసున్నప్పుడు సూస్తున్నవా?"

"సూస్తున్న."

వెనక్కి తిరిగి నర్సవ్వ వెంట పోయింది. ఆ రోజు తర్వాత మా దివాన్‌ఖానాకు రాలేదు. బడిలో పిల్లలు నాకు టప్పాల్ డబ్బ అని పేరు పెట్టారు. "వేస్తె లోపలికి పోతది, తీస్తె బయటికి రాదు" అని నేను పోతుంటే పాటలా పాడేవాళ్లు. నేను తల తిప్పకుండా నడిచేదాన్ని. మా ఇంట్లో నడక అలాగే నేర్పారు. ఊర్లో ఎవరి ఇంటి సంగతి ఏమిటో అందరికన్నా ఎక్కువ తెలిసిన పిల్లను నేనే, నాతో ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు. ఆ పొద్దు తాత నా మాట విన్నాడా లేదా అని ఆయన బతికుండగా నేను అడగలేదు. అడిగితే, విన్నాననే చెప్పేవాడు.

బడిలో నా ముచ్చట్లు అయిపోయాయి. పిల్లలకు గంగామణి సంగతి చెప్పలేదు. టెలిఫోన్ పిడి గురించి, కర్పూరం గుడ్డ గురించి, విన్నది విప్పొద్దు అన్న తాత మాట గురించి చెప్పాను. వాళ్లు అది కూడా గట్టిగా పలికారు, గోప్యత కన్నా హుషారుగా. స్వరూప సంతోషించింది. చప్పట్లు కొట్టిస్తుండగా అక్షయ మళ్లీ చెయ్యి ఎత్తింది. ఈసారి చెయ్యి సగం దాకానే లేచింది.

"అమ్మమ్మా, నా దోస్తు ఒకతి ఉన్నది. వాళ్ల అమ్మ ఫోన్ తీసుకొని గేమ్ ఆడుతది. గేమ్‌ల ఎవడో కలిసిండట. ఫోటో పంపు అంటుండట, ఎవ్వలికి చెప్పకు అంటుండట. నా దోస్తు నాకొక్కదానికే చెప్పింది. ఒట్టు వేయించుకున్నది." ఎత్తిన చెయ్యి దించింది. "గది గూడ అమానతేనా?"

చప్పట్లు ఆగిపోయాయి. స్వరూప ఏదో అనబోయి నా వైపు చూసింది, ఆ మాట ఇచ్చింది నేనే కనుక. గడప మీద నిలబడి అడిగిన పిల్లను నేను చాలా ఏళ్ల తర్వాత ఎదురుగా చూశాను. తల ఊపి ఊరుకోవడానికి నాకు చెవుడు లేదు.

లేచి నిలబడ్డాను. "అక్షయా, పక్కింటోళ్లు తాళం చెవి మీ ఇంట్లో పెట్టి పోయిండ్రు. వాళ్ల ఇంట్లో మంట లేచింది. అమానత్ అని తాళం చెవి జేబులో పెట్టుకుని కూర్చుంటావా?"

"ఊహూఁ. తీస్త" అంది.

"తీస్తం, తీస్తం" అన్నారు మిగతావాళ్లు. గోపి, "నేనైతే తాళమే పలగ్గొడ్త" అన్నాడు.

"మంట లేచిన ఇంటికి అమానత్ లేదు. అటువంటిది తెలిస్తే పెద్దోళ్లకు చెప్పాలె. ఒకసారి చెబితే వాళ్లు తల ఊపుతారు. తల ఊపితే విన్నట్టు కాదు. దగ్గరికి పోయి మళ్లీ చెప్పు. నలుగురు కూర్చున్నా సరే, మధ్యలో నుంచి నడిచిపో. పరువు పోతదని ఆగకు. వినేదాకా అరిచి చెప్పు."

స్వరూప అక్షయను దగ్గరికి తీసుకుని వరండాలోకి నడిచింది. కిటికీలోంచి చూస్తే ఆమె ఆ పిల్ల ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చుని వింటోంది. కాసేపటికి ఆ దోస్తును కూడా బయటికి పిలిచారు. రెండు జడల పిల్ల. ఏడుస్తోంది. అక్షయ వైపు చూడడం లేదు. అక్షయ ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అక్షయ మళ్లీ పట్టుకుంది. రెండోసారి విదిలించుకోలేదు.

అది చూశాక నాకు అక్కడ పనేమీ లేకపోయింది. ఆటో దాకా నడిచాను. బస్టాండ్ బండ ఇప్పుడు లేదు, రేకుల షెడ్డు వేశారు. దాని కింద ఐదారుగురు కూర్చుని ఉన్నారు, అందరి తలలూ చేతుల్లోని ఫోన్ల మీదికి వంగి ఉన్నాయి. ఎవరూ రోడ్డు వైపు చూడడం లేదు. చూడనవసరం లేదు, వచ్చేవాడు ఎక్కడున్నాడో ఫోనే చెబుతుంది. మస్కట్‌లో ఉన్న తండ్రి ఇప్పుడు అన్నం తినే పిల్ల ఎదుట, గిన్నెకు ఆనించిన ఫోన్‌లో కూర్చుని ఉంటాడు. ఎవరి మాట వాళ్ల చెవిలోనే పడుతోంది. మా తాత కోరిందీ అదే. ఊరి మాటలన్నీ మోసిన నా చెవికి ఇప్పుడు మందుల షాపు అబ్బాయి ఫోన్ తప్ప పెద్దగా ఏదీ రాదు. గంగామణిని కమ్మర్‌పల్లికి ఇచ్చారని మాత్రం ఎప్పుడో విన్నాను. బస్సు ఎక్కే ముందు స్వరూపకు ఫోన్ చేసి, కమ్మర్‌పల్లి వాళ్లెవరైనా తెలుసా, గంగామణి అనే ఆమె నంబరు దొరుకుతుందా అని అడిగాను. కనుక్కుంటానంది. ఇంకా చెప్పలేదు. రేపు మళ్లీ అడుగుతాను.

ఆ టెలిఫోన్‌ను మేము అమ్మలేదు. అది మాది కాదు, శాఖవాళ్లది. కనెక్షన్ తీసేసిన రోజు వాళ్లే పట్టుకుపోయారు. దాని కింది టేకు మేజా మాది. తాత పోయిన మరుసటి ఏడు దివాన్‌ఖానా తలుపులతో పాటు ఆ మేజానూ, నేను ఎక్కి నిలబడిన పీటనూ, నిజామాబాద్‌లో పాత కలప కొనే అతనికి అమ్మాం.